అద్దె ఒకటి, అసలు ఖర్చు ఒకటి: కర్నూలు నుంచి అనంతపురం దాకా

లాడ్జిలో గది అద్దె ఎంతని అడిగితే ఒక అంకె చెబుతారు. పొద్దున గది ఖాళీ చేసి బస్సెక్కేసరికి జేబులోంచి పోయేది ఇంకో అంకె. ఈ రెంటికీ మధ్య తేడా ఎంతో చూడాలనే, కర్నూలు, కడప, అనంతపురం వైపు వెళ్లినప్పుడు ప్రతి రాత్రికీ లెక్క రాసుకున్నాం. వెళ్లింది అమ్మ, నేను, తమ్ముడు. అమ్మకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. కారు లేదు. బస్సులు, రైళ్లు, ఆటోలే.

లెక్కలో అద్దెతో పాటు పన్ను, గదికి వెళ్లిరావడానికి ఆటో, తాగే నీళ్లు, ఆ గది వల్ల తప్పనిసరిగా పెట్టాల్సిన తిండి ఖర్చు కలిపాం. డబ్బుల్లో చెప్పలేనివి కూడా ఉంటాయి. ఎక్కిన మెట్లు, పట్టని నిద్ర, కాచుకుని కూర్చున్న గంటలు. వాటిని పక్కన విడిగా రాశాం. నోటుబుక్కు అమ్మ దగ్గర ఉంది. ముప్ఫై ఏళ్లు ఇంటి చిట్టా రాసిన చెయ్యి, రూపాయి కూడా తప్పిపోదు. ఇక్కడ రాసిన ధరలు మాకు పడినవి. పెళ్లి ముహూర్తాలు ఉన్నప్పుడు ఇవే గదులకు ఇంకా ఎక్కువే అడుగుతారు.

మొదటి రోజు, కర్నూలు

హైదరాబాదులో పొద్దున బస్సెక్కితే భోజనాల వేళకు కర్నూలు. బస్టాండు చుట్టూ లాడ్జీలకు కొదవ లేదు. కొండారెడ్డి బురుజు వైపు పాత ఊళ్లో ఇంకా చవకగా దొరుకుతాయని విని తమ్ముడు రెండు చోట్లా కనుక్కున్నాడు. ముగ్గురికి బస్టాండు దగ్గర 1,100, పాత ఊళ్లో 700.

నాలుగు వందలు మిగులుతాయి కదా అనిపిస్తుంది. కానీ మర్నాడు తెల్లవారుజామునే మంత్రాలయం బస్సు పట్టుకోవాలి. ఆ వేళప్పుడు పాత ఊరి నుంచి ఆటో 150కి తక్కువ రాదన్నారు. ఇప్పుడు సామానుతో వెళ్లడానికి ఇంకో 100. అక్కడికే తేడా 150కి దిగింది. నూటయాభై కోసం నాలుగున్నరకు లేచి చీకట్లో ఆటో వెతుక్కోవాలా అని అమ్మే అడిగింది. బస్టాండు దగ్గరే చూద్దామనుకున్నాం.

మొదటి లాడ్జిలో కౌంటర్ దగ్గర ఉన్నాయన్ను అడిగాను. "గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉందా అన్నా?"

"ఉందమ్మా, కానీ ఇండియన్ బాత్రూమే. వెస్టర్న్ కావాలంటే రెండో ఫ్లోర్‌కి పోవల్ల. లిఫ్ట్ లేదు."

మోకాళ్లు నొప్పి ఉన్న మనిషికి ఈ రెండూ కుదరవు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఫోన్లో అద్దె కంటే ముందు ఈ రెండు సంగతులు అడగాలి. చవక లాడ్జీల్లో చాలాచోట్ల కింద గదులు పాతవి, పైవి తర్వాత కట్టినవి. వెస్టర్న్ కమోడ్ పైనే ఉంటుంది. పక్క లాడ్జిలో లిఫ్ట్ ఉంది. అదే 1,100కి తీసుకున్నాం.

గదిలోకి వెళ్లగానే నేను మొదట చూసేది తలుపు గడియ. ఇక్కడ కింది గడియకు నాలుగు స్క్రూలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. అవీ సగం బయటికి వచ్చేశాయి. తలుపును భుజంతో నెడితే గడియ పట్టీ చెక్క నుంచి లేస్తోంది. చెబితే రూమ్ బాయ్ స్క్రూడ్రైవర్ తెచ్చి, వేరే స్క్రూలు వేసి బిగించాడు. అయిదు నిమిషాల పని. కానీ అడ్వాన్స్ కట్టకముందు చెబితేనే ఆ అయిదు నిమిషాలూ దొరుకుతాయి. ఆడవాళ్లు ఉన్న గదిలో గట్టి గడియ అద్దెలో భాగమే. దానికి మొహమాటపడక్కర్లేదు.

సాయంత్రం షేర్ ఆటోలో బురుజు దగ్గరికి వెళ్లాం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు ఇది. అప్పుడు భవనాలు చాలక ప్రభుత్వ ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఉద్యోగులు కుటుంబాలతో వచ్చి ఇళ్లు దొరక్క పడిన అవస్థ గురించి తాతయ్య చెప్పేవారని అమ్మ గుర్తు చేసుకుంది.

ఈ లాడ్జిలో వేడినీళ్లు ఆరు తర్వాతే వస్తాయి. అందుకని స్నానాలు రాత్రే కానిచ్చేశాం. అమ్మ చిట్టాలో ఆ రాత్రి: అద్దె 1,100, నీళ్లకు 40, ఆటో సున్నా.

రెండో రోజు, మంత్రాలయం

ఎండెక్కే లోపే మంత్రాలయం చేరాం. గురువారం తగలకుండా ముందే చూసుకున్నాం. గురువారాలు, శ్రావణంలో రాఘవేంద్రస్వామి ఆరాధన రోజులు అయితే ఇక్కడ ఏ లెక్కా నిలవదు.

మఠం గదుల అద్దె వింటే బయటి లాడ్జీలవైపు చూడబుద్ధి కాదు. మాకు దొరికిన గదికి ఐదు వందల లోపే. పైగా గుడి ఆవరణల్లో ట్రస్టులు ఇచ్చే గదులకు అద్దె రోజుకు వెయ్యి లోపు ఉంటే జీఎస్టీ ఉండదు. డిపాజిట్ కట్టించుకుంటారు, గది అప్పగించేటప్పుడు తిరిగి ఇచ్చేస్తారు. ఆ రసీదు మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

దీని ఖర్చు వేరే చోట ఉంటుంది. ముందుగా బుక్ చేసుకోకుండా వస్తే వరుసలో నిలబడాలి. ఆధార్ కార్డులు చూపించాలి. గది ఖాళీ అయ్యేదాకా సామాను పెట్టుకుని కూర్చోవాలి. మేము రెండు గంటలకు పైగా కూర్చున్నాం. అమ్మ చిట్టాలో పక్కన "2 గం." అని రాసి గీత గీసింది. ఒంటరిగా వచ్చినవాళ్లకు ఇలాంటి చోట గది దొరకడం కష్టం. మా వెనకాల నిలబడ్డ కుర్రాడికి, కుటుంబాలకే ముందు ఇస్తామని చెప్పారు. అతను బయటి లాడ్జికి వెళ్లాడు. కాబట్టి సత్రం చవక అనే మాట ఎవరికి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మధ్యాహ్నం మఠంలో భోజనం. అన్నం, సాంబారు, పాయసం, మజ్జిగ. అందరికీ ఉచితమే. ముగ్గురికి బయట తింటే అయ్యే మూడు వందలు ఇక్కడ మిగిలాయి. దాన్ని అద్దెలోంచి తీసేస్తే గది దాదాపు ఉచితంగా దొరికినట్టే. అమ్మ అలా తీసెయ్యనివ్వలేదు. మిగిలిన డబ్బు హుండీలో వేసింది, చిట్టాలో మాత్రం చేర్చలేదు. ఇలాంటి చోట లెక్క ఆవిడదే.

ముందు గ్రామదేవత మంచాలమ్మను చూసి, ఆ తర్వాత బృందావనం. 1671లో స్వామి సజీవంగా ప్రవేశించారని చెప్పే బృందావనం ఇదే. రాత్రి గదిలో ఫ్యాన్ ఉంది, దోమలు కూడా ఉన్నాయి. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు కదా. దోమల కాయిల్‌కు, అగ్గిపెట్టెకు 30.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. శ్రీశైలం, అహోబిలం లాంటి క్షేత్రాల్లో కులాలవారీగా సత్రాలు ఉంటాయి. గది, భోజనం బాగా చవక. చవకైన బసల గురించి రాసేవాళ్లు వాటిని కూడా ఈ జాబితాలో కలిపేస్తుంటారు. కౌంటర్ దగ్గర కులం చెప్పుకుని తీసుకునే గదిని నేను అందరికీ అందుబాటులో ఉన్న గదిగా లెక్కపెట్టలేను. అది కొందరికి చవక, మిగతావాళ్లకు అసలు లేనే లేదు.

మూడో రోజు, గుంతకల్లు

మంత్రాలయం రోడ్ స్టేషన్ ఊరికి 15 కిలోమీటర్ల దూరం. షేర్ ఆటోలు దొరుకుతాయి. ముంబయి–చెన్నై లైను ఇదే. ఆదోని, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప అన్నీ దీని మీదే వస్తాయి. కానీ గండికోటకు మేము దిగాల్సిన ముద్దనూరులో అన్ని బండ్లూ ఆగవు. అందుకని రాత్రికి గుంతకల్లులో దిగి పొద్దున బండి పట్టుకోవాలనుకున్నాం.

గుంతకల్లులో రైల్వే రిటైరింగ్ రూమ్, అంటే స్టేషన్లోనే ప్రయాణికులకు అద్దెకిచ్చే గది తీసుకున్నాం. చాలామందికి ఇది గుర్తే రాదు. కన్ఫర్మ్ అయిన టికెట్టుగానీ ఆర్ఏసీగానీ ఉంటే పీఎన్ఆర్ నంబర్‌తో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. వెయిటింగ్ లిస్ట్ టికెట్టు పనికిరాదు. రోజంతా అక్కర్లేదు, పన్నెండు గంటలకైనా ఇస్తారు. రాత్రి దిగి పొద్దున వెళ్లిపోయేవాళ్లు 24 గంటల అద్దె ఎందుకు కట్టాలి? ఆటో లేదు, బయటికి పోవాల్సిన పని లేదు. మా యాత్రలో రూపాయికి రూపాయి లెక్కన ఇదే అన్నిటికంటే చవక.

నిద్ర మాత్రం మర్చిపోవాలి. పెద్ద జంక్షన్. రాత్రంతా "యాత్రికులకు విజ్ఞప్తి" మూడు భాషల్లో వినిపిస్తూనే ఉంటుంది. తమ్ముడు హాయిగా పడుకున్నాడు. అమ్మకు రెండింటి దాకా కన్ను మూతపడలేదు.

నాలుగో రోజు, గండికోట

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది ఇక్కడే. గండికోటలో రాత్రి ఉండాలంటే మూడు దారులు. కోట దగ్గర టెంటు, పర్యాటక శాఖ హోటల్, లేదంటే 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో లాడ్జి.

టెంటు మనిషికి 700 అన్నారు. చలిమంట, పరుపు అందులోనే. భోజనం వేరే. పర్యాటక శాఖ హోటల్లో ఎక్స్‌ట్రా బెడ్‌తో, పన్నుతో మాకు చెప్పింది 2,300. జమ్మలమడుగు లాడ్జిలో వెయ్యి.

వినగానే వెయ్యి వైపే మనసు పోతుంది. గండికోటకు వెళ్లేదే సూర్యోదయం చూడ్డానికి. జమ్మలమడుగు నుంచి తెల్లవారకముందే పోయి, అక్కడ కాచుకుని, తిరిగి రావడానికి ఆటో 900 అడిగాడు. మొత్తం 1,900. మిగతా రెంటికీ పోను రాను ఆటో 800 కలపాలి. అంటే ముగ్గురికి లాడ్జి 1,900, టెంట్లు 2,900, హోటల్ 3,100. లాడ్జికీ మిగతావాటికీ వెయ్యికి తగ్గని తేడా ఉంది. కానీ లాడ్జిలో ఉంటే సూర్యాస్తమయం పోతుంది. దానికి కూడా వెళ్లాలంటే ఇంకో ఆటో. అప్పుడు అన్నీ దాదాపు ఒకే చోటికి వస్తాయి.

టెంటు తలల లెక్క, గది గది లెక్క. ఒక్కడే వెళ్లినవాడికి 700తో రాత్రి గడిచిపోతుంది, అదే హోటల్ గది అయితే రెండు వేలు. ముగ్గురికి వచ్చేసరికి తేడా రెండు వందలకు దిగుతుంది. నలుగురైతే టెంటే ఖరీదు. చవక అని పేరు పడ్డది ఎంతమందికి చవకో ఎవరూ చెప్పరు.

అమ్మ నేలమీద కూర్చుని లేవలేదు. టెంట్లోకి వంగి దూరడం అసలు కుదరదు. అందుకని అమ్మకూ నాకూ హోటల్లో గది, తమ్ముడికి టెంటు. రాత్రి వాడి దగ్గరికి వెళ్లి చూశాను. గుడ్డ ఒకవైపు గాలికి లోపలికి వంగి వాడి మొహానికి తగులుతోంది. మేకు పాతడానికి నేల లేదు, అంతా బండ. అంచుల మీద రాళ్లు ఎత్తిపెట్టారు. బాత్రూము దూరం. టార్చి లేనిదే అడుగు వేయలేం. వాడికి అదంతా ఇష్టం. రాగి సంగటి, నాటుకోడి పులుసు మనిషికి 250, సాయంత్రం నాలుగింటికల్లా చెబితేనే వండుతారు. ఆ తర్వాత అడిగితే ఏమీ దొరకదు. తినుబండారాలు జమ్మలమడుగులోనే కొనుక్కోవాలి.

తెల్లవారుజామున లోయ దగ్గరికి వెళ్లాం. ఎర్ర బండల మధ్య అడుగున పెన్నా. లోయ అంచు దాకా పోవడానికి బండల మీద ఎక్కి దిగాలి. అమ్మ జామా మసీదు మెట్ల దగ్గరే ఆగిపోయింది. మేము తిరిగొచ్చేసరికి ఆ వెలుగులో మసీదు మినార్లను, పక్కనే ఉన్న ధాన్యాగారాన్ని తీరిగ్గా చూసేసింది. "గదిలో మంచం మీద పడుకున్నాను కాబట్టి ఇంత దూరం నడవగలిగాను" అంది. చిట్టాలో ఆ రాత్రి మా ఇద్దరి గది 2,000కు పక్కన ఆవిడే టిక్ పెట్టింది.

ఐదో రోజు, కడప

కడపలో ఫోన్ యాప్‌లో గది తీసుకున్నాం. ఆన్‌లైన్ రేటు అసలు ఎంతకు తేలుతుందో చూడాలని ముందే అనుకున్నదే. తెర మీద పెద్ద అక్షరాల్లో 849.

పన్ను 42. 2022 జులై దాకా వెయ్యి లోపు గదులకు జీఎస్టీ లేదు. ఆ తర్వాత 12 శాతం వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 దాకా గదులకు 5 శాతం. కాబట్టి పన్ను భారం ఇప్పుడు పెద్దగా లేదు. పైన యాప్ ఫీజు 49. అక్కడికి 940. మూడో మనిషికి 300. ఆ 849 ఇద్దరికి మాత్రమేనని చిన్న అక్షరాల్లో ఉంది. మేము పదకొండుకల్లా చేరాం, చెకిన్ ఒంటి గంటకు. ముందుగా ఇవ్వాలంటే 300 అన్నారు. అమ్మను రెండు గంటలు సోఫాలో కూర్చోబెట్టలేక కట్టాం. బస్టాండు నుంచి రానూ పోనూ ఆటో 160. మొత్తం 1,700. తెర మీద కనిపించిన అంకెకు రెండింతలు.

బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో ఆ సాయంత్రమే అడిగి చూశాను. ముగ్గురికి 1,200, ఎప్పుడు దిగితే అప్పటినుంచి 24 గంటలు. మన ఊళ్లలో పాత లాడ్జీల గొప్పదనం ఈ 24 గంటల లెక్కే. యాప్ గదులు చాలావరకు మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయమంటాయి. రాత్రి పదికి దిగినవాడు పద్నాలుగు గంటలకే రోజు అద్దె కడతాడు. పోల్చేటప్పుడు అద్దెను గంటలతో భాగించి చూడండి, ఏది చవకో వెంటనే తెలుస్తుంది. యాప్ గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి. ఆ మాట కూడా చెప్పాలి. ఇద్దరే వచ్చి మధ్యాహ్నం దిగేవాళ్లకు అది మంచి బేరమే.

సాయంత్రం పెద్ద దర్గా. మర్నాడు పొద్దున దేవుని కడప గుడి, ఆ తర్వాత ఎర్రకారం దోసె.

ఆరో రోజు, తాడిపత్రి మీదుగా అనంతపురం

అనంతపురంలో పిన్ని ఇల్లుంది. దారిలో తాడిపత్రిలో దిగాం. చింతల వెంకటరమణస్వామి గుడి, పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. రెండిట్లోనూ ఆ రాతి చెక్కడం చూడ్డానికి రెండు గంటలు చాలవు. సామానుతో తిరగలేం, రెండు గంటల కోసం గది తీసుకోలేం. గుడి ముందు పూలంగడి ఆమె మా బ్యాగులు చూసి, "ఈడ పెట్టి పోండమ్మా. సాయంత్రం దాకా ఈడనే ఉంటా" అంది. డబ్బులిస్తే తీసుకోలేదు. పూలు కొన్నాం.

బంధువుల ఇంట్లో ఉంటే ఖర్చు లేదనుకుంటాం. మేము పట్టుకెళ్లినవి పళ్లు, స్వీట్లు, పిన్నికి ఒక చీర, పిల్లలకు చేతిలో పెట్టింది. అన్నీ కలిపితే 1,800 దాటింది. కర్నూలు లాడ్జి కంటే ఎక్కువ. కానీ నన్ను ఆలోచనలో పడేసింది అది కాదు. పిన్ని స్కూల్లో పని చేస్తుంది. మాకోసం ఒక రోజు సెలవు పెట్టింది. పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం సంగటి, రాత్రి చపాతీలు. వాళ్ల వీధికి కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. దేశంలోనే వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో ఇదొకటి. ముగ్గురం స్నానాలు చేసేసరికి డ్రమ్ము అడుగంటింది. బాబాయి ఏమీ అనకుండా మోటారు ఉన్న పక్కింటి నుంచి బకెట్లతో మోశాడు. మా చిట్టాలో సున్నా అని రాసుకోవాల్సిన రాత్రి వాళ్ల చిట్టాలో ఖరీదైన రాత్రి. పిన్ని ఇంటికి మళ్లీ వెళతాం, ఎన్నిసార్లయినా వెళతాం. చవకని మాత్రం వెళ్లం. అమ్మ ఆ పేజీలో అంకెలేవీ రాయలేదు.

చివరి రోజు, లేపాక్షి

లేపాక్షిలో కూడా ఉండటానికి గదులున్నాయి. వీరభద్రస్వామి గుడి, వేలాడే స్తంభం, ఏకశిలా నంది చూడ్డానికి ఒక పగలు చాలు. అందుకని అక్కడ గది తీసుకోలేదు. పిన్ని ఇంటి నుంచి సామానుతోనే బయల్దేరి, హిందూపురం మీదుగా వెళ్లి, మళ్లీ హిందూపురం వచ్చి రాత్రి హైదరాబాదు బండి ఎక్కాం.

రాత్రి రైలును కూడా మేము బసగానే లెక్కేశాం. స్లీపర్ బెర్తు మనిషికి నాలుగు వందల లోపే. ఎలాగూ పెట్టాల్సిన ప్రయాణ ఖర్చులోనే ఒక రాత్రి నిద్ర కలిసొస్తుంది. అయితే పెద్దవాళ్లకు లోయర్ బెర్తు దొరక్కపోతే ఈ లెక్కంతా వృథా. సీనియర్ సిటిజన్లకు టికెట్టులో ఉన్న రాయితీ 2020 మార్చిలో తీసేశారు, లోయర్ బెర్తు కోటా మాత్రం ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండితే చాలు. ఆ కోటా ఒకరికో ఇద్దరికో తీసే టికెట్టుకే వర్తిస్తుంది. మా ముగ్గురికీ కలిపి ఒకే టికెట్టు తీస్తే రాదు. అందుకని అమ్మకు విడిగా బుక్ చేశాం, లోయర్ వచ్చింది. మాకు అదే బోగీలో అప్పర్, మిడిల్.